సెయింట్ ఫాగన్స్‌లో వల్కన్ పబ్బు: అది పాతదా, కొత్తదా?

కార్డిఫ్_కిట్టు
మొన్న శనివారం అమ్మానాన్నల్ని సెయింట్ ఫాగన్స్ మ్యూజియానికి తీసుకెళ్లా. బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉన్నవాళ్లకి తెలిసిందే, ఊరి బయట పెద్ద తోట. వేల్స్ నలుమూలల నుంచి పాత ఇళ్లు, చర్చి, బడి, కిరాణా కొట్టు విప్పుకొచ్చి అక్కడ మళ్లీ కట్టారు. ఈసారి అందులో ఒక పబ్బు కనిపించింది. వల్కన్ హోటల్ అని పేరు. ముందు గోడకి నిగనిగలాడే ఆకుపచ్చ, గోధుమ రంగు టైల్స్. లోపల నేల మీద రంపపు పొట్టు పోసి ఉంది. మా నాన్న గుమ్మంలోనే ఆగిపోయి "మ్యూజియంలో బ్రాందీ షాపేంట్రా" అన్నారు. అమ్మ తొంగిచూసి "పొట్టు ఎందుకు పోశారు, ఎవరన్నా కక్కారా" అంది.

1853 నాటి పబ్బు అట, 2012లో మూసేశారట. ఒక చోట పడగొట్టి ఇంకో చోట కట్టినదాన్ని 1853ది అని ఎలా అంటారు? టోపీ పెడుతున్నట్టు కాదా? అసలు కథ తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
హోటల్ అన్నారు కదా, ఇడ్లీ దొరికిందా?

కార్డిఫ్_కిట్టు
లేదు బ్రో. నాన్న కూడా అదే అడిగారు.

పాత_ఇటుక
అమ్మగారి ప్రశ్నకి ముందు జవాబు. దాదాపు కరెక్టే అన్నారావిడ. ఒలికిన బీరు, బూట్ల బురద, ఉమ్ములు, అన్నిటికీ పొట్టే మందు. పొద్దున్నే ఊడ్చేసి కొత్తది పోస్తే పని అయిపోయేది. రేవు కూలీలు, ఇనుము పనివాళ్లు వచ్చే చోట తివాచీ పరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక టోపీ సంగతి. నేను పాత కట్టడాల మరమ్మతుల్లోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. పడగొట్టడం వేరు, విప్పడం వేరు. విక్టోరియా కాలం గోడలు ఎక్కువగా సున్నంతో కట్టినవి, మన గానుగ సున్నం లాగే. ఇటుక కంటే సున్నం మెత్తన. తాపీ పెట్టి గీరితే పొడిపొడిగా రాలిపోతుంది, ఇటుక అంచు చెదరకుండా చేతికి వచ్చేస్తుంది. అదే సిమెంటుతో కట్టిన గోడైతే సిమెంటు ఊడదు, ఇటుకే పగులుతుంది. కాబట్టి ఇప్పుడు మనం కడుతున్న అపార్ట్‌మెంట్లని వందేళ్ల తర్వాత ఏ మ్యూజియమూ పట్టుకెళ్లలేదు. పట్టుకెళ్లాలని అనుకోదు కూడా, అది వేరే విషయం.

రోత్_రాంబాబు
నేను అసలు వల్కన్‌లో కూర్చున్నవాణ్ణి. 2004లో చదువుకోడానికి వచ్చా. ఆడమ్ స్ట్రీట్‌లో, జైలుకి దగ్గర్లో ఉండేది. పక్కన ఇల్లంటూ లేదు. నాలుగు పక్కలా కారు పార్కింగులు, తర్వాత యూనివర్సిటీ బిల్డింగు ఒకటి లేచింది. నోట్లో మిగిలిన ఒంటి పన్ను లాగా నిలబడి ఉండేది పాపం. ముందు గదిలో అప్పటికీ పొట్టు పోసేవాళ్లు. నేనైతే మొదటిసారి చూసి లోపల రిపేర్లు జరుగుతున్నాయేమో అనుకుని వెనక్కి తిరిగా. బారు వెనకాల పెద్దాయన "రా, రా" అని చెయ్యి ఊపితే వెళ్లా.

మూత్రశాల గురించి కూడా చెప్పాలి, నవ్వకండి. పాతకాలం పింగాణీ. పెద్ద పెద్ద పలకలు. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. మ్యూజియం వాళ్లు దాన్నీ జాగ్రత్తగా విప్పి పట్టుకెళ్లారు.

బెజవాడ_బుల్లోడు
వారసత్వ సంపద అంటే ఇదీ 😄

లండన్_లచ్చక్క
రాంబాబూ, ఆ చుట్టుపక్కల ఇళ్లు ఎందుకు లేవో తెలుసా? అసలు కథ అక్కడుంది.

ఆ చోటు పేరు న్యూటౌన్. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు వచ్చిపడ్డ జనం అక్కడ చేరారు. అందుకే దాన్ని లిటిల్ ఐర్లండ్ అనేవాళ్లు. అరడజను ఇరుకు వీధులు, టిండాల్ స్ట్రీట్ వగైరా. మగవాళ్లకి రేవులో పని. పీర్‌లెస్ జిమ్ డ్రిస్కాల్ అనే బాక్సర్ అక్కడి పిల్లాడే. 1925లో ఆయన పోయినప్పుడు అంతిమయాత్రకి లక్ష మంది వచ్చారంటారు. అలాంటి పేటని 1960లలో మురికివాడ అని ముద్ర వేసి మొత్తం కూల్చేశారు. మనుషుల్ని ఊరి చివర కొత్త ఇళ్లకి చెదరగొట్టారు. వల్కన్ మాత్రం మిగిలింది. అంటే తాగేవాళ్లు పోయాక ఈ పబ్బు ఇంకో నలభై ఏళ్ల పైన బతికింది.

పేటని కూల్చినప్పుడు ఒక్క ఇటుకకీ నంబరు వెయ్యలేదు. పబ్బుకి వచ్చేసరికి అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. నాకు ఇదే మింగుడు పడదు.

పాత_ఇటుక
లచ్చక్కా, 1966లో ఎవరికీ పట్టలేదు కాబట్టి 2012లోనూ పట్టకూడదంటే ఎట్లా? ఆ పేటలో మిగిలిందే అది ఒక్కటి.

లండన్_లచ్చక్క
పట్టకూడదని అన్లేదు. వరస తప్పిందన్నా.

ఓరుగల్లు_పోరడు
అన్నా నాకు సమజ్ కాలే. 1853ల పబ్బు పెట్టుడు అంత ఈజీనా? మా దగ్గర వైన్స్ లైసెన్స్ కావాల్నంటే లాటరీల పేరు రావాలె, లక్షలు కట్టాలె.

పాత_ఇటుక
పోరడూ, చాలా ఈజీ. 1830లో బీర్ హౌస్ చట్టం తెచ్చారు. ఇంటిపన్ను కట్టే ఎవడైనా రెండు గినీలు (అప్పటి ఇంగ్లిష్ డబ్బు) కట్టి తన ముందు గదిలో బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే పని లేదు. బీరు మీద పన్ను కూడా ఎత్తేశారు. జనం జిన్ మానేసి బీరుకి మళ్లుతారని సర్కారు ఆశ. మళ్లారు. వీధికి రెండు మూడు చొప్పున పుట్టుకొచ్చాయి. 1869లో గానీ మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి పగ్గాలు రాలేదు. అందుకే ఆ కాలం పబ్బులు చాలావరకు మామూలు ఇంటి సైజులోనే ఉంటాయి. తర్వాత బ్రూయరీలు కొనేసి, పోటీ పడి ముందు గోడకి టైల్స్, చెక్కిన గాజు పెట్టించాయి.

కిట్టూ, ఇక్కడ నీకో పాయింటు దొరుకుతుంది. నువ్వు చూసిన ఆ టైల్స్ ముఖం 1853ది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో చేసిన మార్పు. మ్యూజియం వాళ్లు కూడా పబ్బుని 1915లో ఉన్నట్టే సర్దారు.

కార్డిఫ్_కిట్టు
చూశారా! 1853లో పుట్టి, 1915 వేషం వేసుకుని, 2024లో నిలబడింది. దీనికి ఆధార్ కార్డు ఎవరిస్తారు?

రోత్_రాంబాబు
నిజం చెప్పొద్దూ, నాకూ అదే బాధ. 2024 మేలో తెరిచినప్పుడు ఆశగా వెళ్లా. బయట చూస్తే గుండె ఝల్లుమంది, అదే పబ్బు. లోపలికి వెళ్తే నేను కూర్చున్న మూల లేదు. నేను తాగింది 2004 వల్కన్‌లో, వాళ్లు చూపించేది 1915 వల్కన్. మా తాతగారి పెళ్లి ఫోటోలో నన్ను వెతుక్కున్నట్టు అయింది.

పాత_ఇటుక
ఏదో ఒక సంవత్సరం ఎంచుకోక తప్పదు కదా. అక్కడే రిడ్-ఇ-కార్ అని మెర్థర్ అనే ఊరి నుంచి తెచ్చిన కార్మికుల ఇళ్ల వరస చూడండి. ఆరిళ్లూ ఆరు కాలాలు. మొదటిది 1805, చివరిది 1985. టీవీతో సహా. ఒకటే వరస కాబట్టి అలా కుదిరింది. పబ్బు ఒక్కటే అయితే ఏం చేస్తారు, పొద్దున 1853, సాయంత్రం 2012 అని తిప్పుతారా?

నెల్లూరు_సుబ్బులు
వేల్స్‌లో ఆదివారం పబ్బులు మూసేసేవాళ్లని ఎక్కడో విన్నా. నిజమేనా?

లండన్_లచ్చక్క
నిజమే సుబ్బులూ. 1881లో సండే క్లోజింగ్ చట్టం. ఒక్క వేల్స్ కోసమే పార్లమెంటు చేసిన చట్టాల్లో ఇది తొలి రోజులది. చాపెల్ వాళ్లు, అంటే తాగుడు గిట్టని ప్రొటెస్టంటు శాఖల వాళ్ల బలం అది. అంటే వల్కన్ ఎనభై ఏళ్లు ఆదివారాలు తలుపులు వేసుకుంది. 1961లో జిల్లాల వారీగా ఓటింగ్ పెడితే కార్డిఫ్ "తెరవండి" అంది. వాయవ్య మూల ద్వీవోర్ అనే చోట 1996 దాకా ఒప్పుకోలేదు!

ఆ 1915 కూడా తమాషా సంవత్సరమే. యుద్ధం పేరు చెప్పి పబ్బుల టైములు కోసేశారు. జర్మనీ, ఆస్ట్రియా, తాగుడు, ఈ ముగ్గురిలో పెద్ద శత్రువు తాగుడే అని అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ ఉపన్యాసం దంచింది అప్పుడే. ఆయనా వేల్స్ గడ్డ మీద పెరిగినవాడే. మధ్యాహ్నం మూసే రూలు ఆ యుద్ధంతో మొదలై 1988 దాకా పోలేదు.

నెల్లూరు_సుబ్బులు
మా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా వేలం పాటల మీద పడ్డట్టు ఇక్కడ చాపెల్ వాళ్లు పడ్డారన్నమాట.

బెజవాడ_బుల్లోడు
ఆదివారం మందు దొరక్కపోతే ఏం చేసేవాళ్లో అది చెప్పండి ముందు.

లండన్_లచ్చక్క
ప్రయాణికుడికి పోయొచ్చని చట్టంలో కంత ఉండేది. మూడు మైళ్లు అవతల నుంచి వచ్చానంటే చాలు. ఈ ఊరివాళ్లు ఆ ఊరికి, ఆ ఊరివాళ్లు ఈ ఊరికి నడిచేవాళ్లు. ఇంకా కావాలంటే క్లబ్బులు. ప్రైవేటు క్లబ్బుకి చట్టం వర్తించదు.

బెజవాడ_బుల్లోడు
ఆరోగ్యానికి మంచిదే, నడక.

కిల్బర్న్_సత్తి
పడగొట్టిన పబ్బు అంటే మా లండన్ కార్ల్‌టన్ టావర్న్ గురించి చెప్పకపోతే ఎలా! 2015 ఏప్రిల్. స్టాకు లెక్కలు చూడాలి, ఈస్టర్ సోమవారం మూసెయ్యండి అని పబ్బు నడిపే ఆవిడకి చెప్పారు. రెండు రోజుల తర్వాత బుల్‌డోజర్ దిగింది. ఇంకొన్ని రోజుల్లో దానికి పాత కట్టడాలకిచ్చే గ్రేడ్ 2 రక్షణ రాబోతోంది, అందుకని. అనుమతి లేదు, పాడు లేదు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ వాళ్లకి చిర్రెత్తి, ఇటుక ఇటుకా ఎలా ఉందో అలాగే కట్టమన్నారు. యజమాని కంపెనీ అప్పీలుకి వెళ్లి 2016లో ఓడిపోయింది. 2021 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. కలిసొచ్చిందేంటంటే కూల్చకముందే హెరిటేజ్ వాళ్లు దాన్ని ఫోటోలు తీసి, వివరాలన్నీ రాసుకుని ఉన్నారు. లేకపోతే ఏం చూసి కట్టమనేవాళ్లు?

రూల్స్_రావు
అది విక్టోరియన్ పబ్బు కాదు. 1920-21లో కట్టింది. టాపిక్‌కి కట్టుబడండి.

కిల్బర్న్_సత్తి
రావుగారూ, అదే చోట అంతకుముందు విక్టోరియా కాలం పబ్బే ఉండేది. 1918లో జర్మన్ బాంబు పడి పోయింది. దాని బదులు కట్టిందే ఇది. ఒకే చోట రెండుసార్లు పడి, మూడుసార్లు లేచింది. సరిపోతుందా?

రూల్స్_రావు
సరే, వదిలేశా.

డడ్లీ_దొర
అయితే మా వంకర ఇల్లు కూడా కలుపుకోండి. క్రుకెడ్ హౌస్. 1765 నాటి ఇల్లు, విక్టోరియా కాలానికి పబ్బయింది. కింద బొగ్గు తవ్వి తవ్వి ఒక పక్క నాలుగడుగులు కుంగింది. లోపల బల్ల మీద గోళీ పెడితే పైకి దొర్లుతున్నట్టు కనపడేది. మా పెద్దోడు పది సార్లు చేశాడు ఆ పని, వాడి చేతిలోంచి గోళీ లాక్కోడానికి ఇంకో పిల్లాడు ఏడుపు. 2023 ఆగస్టు 5 రాత్రి తగలబడింది. 7న మిగిలింది నేలమట్టం చేశారు. 2024 ఫిబ్రవరిలో మూడేళ్లలో తిరిగి కట్టమని కౌన్సిల్ నోటీసు. వంకరగా కట్టమంటే ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడో!

బెజవాడ_బుల్లోడు
మా కాలనీ కట్టిన కాంట్రాక్టర్ నంబర్ ఇస్తా. చెప్పకుండానే వంకరగా కడతాడు.

బురుజు_కర్నూలు
కిట్టు అడిగిందానికి మన దగ్గరే జవాబుండాది. శ్రీశైలం డ్యాము నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టినారు. మా జేజి ఆ కాలంలో చూసింది, ప్రతి రాయి మీదా నంబరు రాసినారంట. ఇప్పుడు పోయి ఇది నకిలీ గుడి అంటే ఎవరన్నా ఊరుకుంటారా? చెక్కిన రాయి అదే, చెక్కిన చెయ్యి అదే. నాగార్జునకొండ కూడా అంతే కదా, కొన్ని కొండమీదికి, కొన్ని అనుపుకి.

లండన్_లచ్చక్క
మంచి పోలికే. కానీ ఆ దేవుడి పేరే సంగమేశ్వరుడు. కృష్ణా తుంగభద్రల కూడలి వదిలేసి వచ్చాక ఏ సంగమానికి ఈశ్వరుడు? వల్కన్ కూడా అంతే. రేవు పని దిగి గొంతెండిపోయి వచ్చేవాడికి మొదటి మలుపులో తగలాలి. ఇప్పుడు టికెట్ లేని మ్యూజియంలో, చెట్ల మధ్య, పార్కింగు డబ్బులు కట్టి వెళ్లాలి దాని దగ్గరికి.

బురుజు_కర్నూలు
అక్కా, నీళ్లలో ఉంటే చేపలే చూసేవి. ఏది మేలో నువ్వే చెప్పు.

లండన్_లచ్చక్క
సరే, ఆ ముక్కకి నా దగ్గర జవాబు లేదు.

హ్యాండ్‌పంప్_హరి
నేను బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చేస్తూ విక్టోరియన్ పబ్బులో పార్ట్‌టైమ్ చేశా. పేరు చెప్పను, ఇప్పుడు లేదు, ఫ్లాట్లు అయిపోయింది. సాయంత్రం మొదటి పని సెల్లార్లోకి దిగడం. 12 డిగ్రీల చలి. కొత్త పీపా తెరిచి రుచి చూడాలి. నేను తాగను, ముక్కుతో వాసన చూసి చెప్పేవాణ్ణి, పులిసిన వాసన ఇట్టే తెలిసిపోయేది. దోసెల పిండితో పెరిగిన ముక్కు కదా. పైన పంపు పిడి నెమ్మదిగా లాగాలి, మూడు లాగుల్లో పింట్ నిండాలి. తొందరపడి గుంజితే అంతా నురగే.

బారు చివర ఒక ముసలాయన రోజూ ఐదున్నరకి వచ్చేవాడు. ఆయన మోచెయ్యి ఆనించే చోట పాలిష్ పోయి కర్ర తెల్లగా బయటపడింది. అమ్మేసే ముందు ఫర్నిచర్ అంతా వేలం వేశారు. బారు చెక్కని రెండు ముక్కలుగా కోసి పట్టుకెళ్లారు. ఆ తెల్ల మచ్చ ఎవరింట్లో ఉందో.

రోత్_రాంబాబు
హరీ, చంపేశావ్.

ఓరుగల్లు_పోరడు
గింత పేరున్న పబ్బులు ఎందుకు మూతపడ్తున్నయ్ మరి? తాగుడు తగ్గిందా?

హ్యాండ్‌పంప్_హరి
సూపర్‌మార్కెట్లో నాలుగు క్యాన్లు కొన్న డబ్బుకి పబ్బులో ఒక్క పింట్ రాదు. 2007లో లోపల సిగరెట్ బంద్ చేశాక పాత గిరాకీ కొంత ఇంట్లోనే ఉండిపోయింది. అద్దెలు, కరెంటు బిల్లు సరేసరి. వీటన్నిటికంటే పెద్దది, పబ్బుగా కంటే స్థలంగా ఎక్కువ పలకడం. ఇంగ్లండ్‌లో 2017 దాకా ప్లానింగ్ అనుమతి లేకుండానే చాలా పబ్బులు కూల్చెయ్యొచ్చు, ఇల్లు కూల్చినంత తేలిక. ఆ మేలో రూలు మార్చారు. అప్పటికే ఎన్నో పోయాయి.

రోత్_రాంబాబు
వల్కన్ కూడా 2009లోనే పోవాల్సింది. జనం సంతకాలు పెట్టి గొడవ చేస్తే ఇంకో మూడేళ్లు నడిచింది. రక్షిత కట్టడాల జాబితాలో పెట్టమని అడిగితే, చాలా మార్పులు జరిగాయని పెట్టలేదు. చివరికి స్థలం యజమాని కంపెనీ దాన్ని మ్యూజియానికి ఇచ్చేసింది. ఆఖరి రోజు, 2012 మేలో, నేను వెళ్లా. నిలబడ్డానికి చోటు లేదు. అంతమంది రోజూ వచ్చుంటే మూసేవాళ్లే కాదు. నేనూ అందులో ఒకణ్ణే, అంతకుముందు ఏడాదిలో ఒక్కసారి కూడా వెళ్లలేదు.

తులసి_ఇన్_లెస్టర్
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు, ఇక ఆగలేకపోతున్నా. మేముండే ఫ్లాటు పాత పబ్బే. మూల మీద ఉన్న పెద్ద తలుపు మా హాల్లోకి వచ్చింది, మూసేసి అక్కడ తులసి కోట పెట్టుకున్నా. పక్క గోడలో చిన్న కిటికీ ఉంది, పూర్వం ఇంటికి బీరు పట్టుకెళ్లే పిల్లలు కూజా పట్టుకుని నిలబడేది అక్కడేనట. ఇప్పుడు ఆ కిటికీలోంచి పార్సిల్ కుర్రాళ్లు డబ్బాలు ఇస్తారు. శుక్రవారం రాత్రి ఎవరో ఒకరు తలుపు తట్టి "తెరిచే ఉందా?" అంటారు. మావారు ఒకసారి లోపలికి పిలిచి ఉప్మా పెట్టారు.

బెజవాడ_బుల్లోడు
అడ్రస్ పెట్టండి మేడం.

రూల్స్_రావు
వేదికలో అడ్రసులు పెట్టరాదు.

నెల్లూరు_సుబ్బులు
కిట్టూ, వచ్చే వారం మేమూ వెళ్తున్నాం. పిల్లల్ని లోపలికి రానిస్తారా? టైమింగ్స్?

కార్డిఫ్_కిట్టు
రానిస్తారు అక్కా. మ్యూజియం పదింటి నుంచి ఐదింటి దాకా. లోపలికి ఫ్రీ, పార్కింగుకే డబ్బులు. ఎర్ర రంగు వేసిన కెనిక్స్టన్ ఇల్లు కూడా చూడండి, దిష్టి తగలకుండా వేసిన రంగట. అమ్మకి అదే నచ్చింది, "మనం గుమ్మానికి గుమ్మడికాయ కడతాం, వీళ్లు ఇల్లంతా పూశారు" అంది.

నిన్న మళ్లీ వెళ్లాం. ఈసారి వాన. నాన్నకి తడవక తప్పలేదు, వల్కన్‌లోకి వచ్చి కూర్చున్నారు. నిమ్మ సోడా తాగుతూ బూటుతో పొట్టుని కాసేపు అటూ ఇటూ కదిపారు. తాతయ్యకి తెనాలిలో కోత మిల్లు ఉండేదని నాకు ఇప్పటిదాకా తెలియదు. బయటికొచ్చాక ఆయన ప్యాంటు మడతల్లోంచి పొట్టు మా కారు సీటంతా రాలింది. దాన్నెలా దులపాలో తెలిస్తే చెప్పండి, వ్యాక్యూమ్ పెట్టినా రావట్లేదు.

పాత_ఇటుక
తడి ఆరాక దులుపు. ముందే రుద్దితే ఇంకా లోపలికి పోతుంది.